కిరాయి ఇంటి రెండో ధర

కరీంనగర్‌లో జనం ఇంటికోసం తిరిగేది ఇళ్లు లేక కాదు. మంకమ్మతోట, జ్యోతినగర్, వావిలాలపల్లి, భగత్‌నగర్, ఏ గల్లీలోకి మళ్లినా గేటుకు కట్టిన టూలెట్ బోర్డు ఒకటైనా కనిపిస్తుంది. ఫోన్ చేస్తే కిరాయి ఎంతో చెప్పేముందే అవతలి నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. ఎంతమంది ఉంటరు, ఏం పని, ఏ ఊరు, పెండ్లయిందా, ఇంట్ల ముసలోళ్లున్నరా, చివరకు కొంచెం గొంతు తగ్గించి, మీరేమోల్లు? అన్నిటికీ వాళ్లకు నచ్చే జవాబులున్నవాడికి ఒక్క పూటలో ఇల్లు దొరుకుతుంది. ఒక్కదానికి లేకపోయినా నెలంతా తిరగాలి. చివరికి నాలుగైదు వందలు ఎక్కువిచ్చి తక్కువ ఇంట్లో చేరాలి.

కిరాయి ఇళ్ల గురించి పత్రికల్లో వచ్చేవి ఎక్కువగా ధరల లెక్కలే. ఏ ఏరియాలో ఎంత, ఈ ఏడాది ఎంత పెరిగింది అన్న పట్టికలే. ఆ లెక్కలు కావాల్సినవే. కానీ పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోనూ, ఇక్కడి నుంచి పోయినవాళ్లు బతికే హైదరాబాద్, ముంబై, దుబాయిల్లోనూ కిరాయిదారు కట్టే ధర రెండు రకాలు. ఒకటి రూపాయల్లో ఉంటుంది. రెండోది ఆ ఇంట్లో ఏం వండాలో, ఎవరు రావాలో, ఎవరు పుట్టకూడదో, ఎవరు చావకూడదో చెప్పే షరతుల్లో ఉంటుంది. ఊరు మారినా, వాడ మారినా మారేది ఈ రెండింటి పాలు. మన చట్టం మొదటి ధరనే చూసింది. అది కూడా సగం చూసి వదిలేసింది.

కరీంనగర్ ఎట్లా పెరిగిందో తెలిస్తే ఇక్కడి కిరాయి ఇళ్ల స్వభావం అర్థమవుతుంది. 1978 సెప్టెంబర్‌లో దొరలకు వ్యతిరేకంగా రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ వెంటనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. తర్వాతి ఇరవై ఏళ్లలో పల్లెల్లోని దొరలు, పెద్ద పట్టాదారులు గడీలకు తాళాలు వేసి పట్నం దారి పట్టారు. కొందరు హైదరాబాద్ పోయారు, చాలామంది కరీంనగర్‌లోనే ప్లాట్లు కొని ఇళ్లు కట్టుకున్నారు. అటు పోలీసులు, ఇటు నక్సలైట్ దళాల మధ్య నలిగిన మామూలు కుటుంబాలు కూడా పిల్లల చదువు పేరుతో ఇటే వచ్చాయి. మానేరు డ్యాం కింద ఊళ్లు పోయినవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత గల్ఫ్ డబ్బు వచ్చింది. జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుంచి దుబాయి, మస్కట్, సౌదీ పోయినవాళ్లు ఊళ్లో ఒకటి, జిల్లా కేంద్రంలో ఒకటి ఇల్లు కట్టారు. కింద తమవాళ్లు ఉండటానికి, పైన కిరాయికి. ఆ పై అంతస్తు కిరాయే చాలా ఇళ్లలో తల్లి మందులకు, పిల్లల ఫీజులకు ఆధారం. 2011 జనాభా లెక్కల నాటికి కరీంనగర్ నగరంలో సుమారు 2.6 లక్షల మంది ఉన్నారు. ఇంత ఊళ్లో అపార్ట్‌మెంట్ సముదాయాలు ఈమధ్య పెరిగినా, ఇప్పటికీ కిరాయికి దొరికేది ఎక్కువగా ఓనర్ తాను ఉండే ఇంట్లోని పోర్షనే.

షరతులు పుట్టేది ఇక్కడే. ఓనర్ వేరే ఊళ్లో ఉండే ఫ్లాటులో కిరాయిదారు ఏం వండినా చూసేవారు లేరు. ఓనర్ కింద, కిరాయిదారు పైన, ఇద్దరికీ ఒకటే గేటు, ఒకటే సంపు, ఒకటే మోటర్, ఒకటే మెట్ల దారి ఉన్నప్పుడు ఇల్లు కిరాయికివ్వడమంటే సగం చుట్టరికం కలుపుకోవడమే. ఓనర్ భయం కూడా అబద్ధం కాదు. కష్టపడి కట్టిన ఇల్లు, కాగితం మీద ఏమీ లేకుండా తెలియనివాళ్ల చేతిలో పెడుతున్నాడు. ఖాళీ చేయమంటే చేయకపోతే కోర్టు చుట్టూ ఎన్నేళ్లు తిరగాలో అతనికి తెలుసు. ఆ భయానికి విరుగుడుగా వెతుక్కున్నదే 'మనోళ్లు' అన్న జల్లెడ. ఆ జల్లెడలోంచి ఎవరు జారిపోతారన్నది అతను పట్టించుకోడు.

మా చుట్టాల పిల్లగాడికి ఒక గది చూడటానికి వావిలాలపల్లిలో తిరిగినప్పుడు ఒక గేటు దగ్గర జరిగిన మాట ఇక్కడ చెప్పాలి. ఇంటావిడ మంచి మనిషి, ముందు కూసోబెట్టి మంచినీళ్లిచ్చింది. 

"ఏం జేస్తవు బిడ్డా?"

"ల్యాబులో టెక్నీషియన్ అమ్మా. దవాఖాన్ల."

"నైట్ డ్యూటీలుంటయా?"

"వారం ఇడిసి వారం ఉంటయి."

"గేటు పదింటికే ఏస్తం మేము. తాళంచెయ్యి ఇయ్యం. మీ అమ్మానాయిన వస్తరా?"

"పండుగకో, దవాఖానకో వస్తరు."

"వస్తే ఒక రెండ్రోజులుంటే ఏం గాదు గాని, అంతకన్న ఎక్కువుంటే నీళ్లు సరిపోవు. బిడ్డా, ఏమనుకోకు, మీరేమోల్లు?"

పిల్లగాడు చెప్పాడు. ఆమె ముఖంలో కోపం రాలేదు, గొంతు మారలేదు. "మా ఆయిన్ని అడిగి చెప్త" అంది. ఫోన్ రాలేదు, చేస్తే ఎత్తలేదు. ఆ బోర్డు చాలారోజులు ఆ గేటుకే ఉంది. కసురుకుని ఉంటే గొడవ పడేవాళ్లం. మర్యాదగా, మంచినీళ్లిచ్చి మరీ జరిగే ఈ నిరాకరణకు ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో మాకు తోచలేదు.

దీన్ని మన దగ్గరి వెనకబాటు అనుకోవాల్సిన పని లేదు. సుఖదేవ్ థొరాట్, మరికొందరు పరిశోధకులు ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాల్లో కిరాయి ఇళ్ల మీద చేసిన అధ్యయనం 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. అడిగినవారి కులం, మతం తెలియగానే ఇల్లు లేదనడం, లేదా ఎక్కువ కిరాయి, కొత్త షరతులు చెప్పడం దేశ రాజధానిలోనూ మామూలేనని అది చూపించింది. కరీంనగర్‌లో హుస్సేనీపుర, కశ్మీర్‌గడ్డ, కార్ఖానాగడ్డ లాంటి వాడల్లో ముస్లిం కుటుంబాలు దగ్గరదగ్గరగా ఉండటం వెనక పాత అనుబంధాలు ఎన్ని ఉన్నాయో, వేరేచోట తలుపు తెరుచుకోకపోవడమూ అంతే ఉంది. ముస్లిం టీచరుకో, డాక్టరుకో కొత్త కాలనీలో ఇల్లు దొరకాలంటే ముందు తోటి ఉద్యోగి ఎవరైనా ఓనర్‌తో మాట్లాడి పెట్టాలి. మనిషి మంచివాడని ఇంకో మనిషి హామీ ఉండాలి. ఆ హామీ దొరకనివాళ్లు వాడలోనే ఉండిపోతారు. అక్కడ కిరాయి తక్కువేమీ కాదు.

పోలీసుల తనిఖీలు కూడా ఈ జల్లెడను బిగించాయి. కాలనీలను చుట్టుముట్టి ఇంటింటికీ తిరిగి కాగితాలు చూసే కార్డన్ సర్చ్‌లు ఉత్తర తెలంగాణ పట్టణాల్లో ఎన్నో జరిగాయి. కిరాయిదారుల వివరాలు ఠాణాకు ఇవ్వాలన్న ప్రచారమూ జరిగింది. భద్రత కోసం ఆధార్ కాపీ తీసుకోవడంలో తప్పు లేదు. కానీ ఒంటరిగా ఉండే యువకుడు, బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన కూలీ, ముస్లిం కుటుంబం, వీళ్లను పెట్టుకుంటే తలనొప్పి అన్న ఆలోచన ఓనర్లలో బలపడింది కూడా ఈ తనిఖీలతోనే.

గోదావరి ఒడ్డుకు పోతే లెక్క వేరు. గోదావరిఖని, మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి, రామకృష్ణాపూర్, బెల్లంపల్లి, ఇక్కడ చాలాకాలం ఇంటి ఓనర్ అంటే కంపెనీయే. బొగ్గు తవ్వే సింగరేణి కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌లో కార్మికుడికి కిరాయి బాధ దాదాపు లేదు. నీళ్లు, కరెంటు కంపెనీవే. కులం అడగకుండా వరసలో ఇచ్చిన క్వార్టర్లలో పక్కపక్కనే అన్ని కులాలవాళ్లూ, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లూ కలిసి బతికారు. బొగ్గుబావుల పట్టణాల్లో పుట్టి పెరిగినవాళ్ల మాటతీరులో, పెళ్లిళ్లలో ఆ కలగలుపు ఇప్పటికీ కనిపిస్తుంది. రామగుండంలో ఎన్టీపీసీ తొలి యూనిట్ 1983లో మొదలయ్యాక దాని టౌన్‌షిప్పూ అదే తీరు. కిరాయి ఇంటి రెండో ధర దాదాపు లేని చోటు ఉత్తర తెలంగాణలో ఏదైనా ఉంటే అది కంపెనీ క్వార్టరే. అందుకే ఇళ్లను వ్యక్తుల మంచితనానికి వదిలేయకుండా పద్ధతితో పంచితే ఏం జరుగుతుందో చూపించే రుజువుగా దాన్ని నేను ఎప్పుడూ చెబుతాను.

ఆ ఏర్పాటు ఇప్పుడు కుంచించుకుపోయింది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉంది. ఓపెన్‌కాస్టులు వచ్చాయి, కాంట్రాక్టు పనులు వచ్చాయి. ఒకే గని, ఒకే షిఫ్టు. పర్మినెంట్ కార్మికుడు క్వార్టర్‌కు పోతాడు, కాంట్రాక్టు కార్మికుడు గోదావరిఖనిలో కిరాయి గదికి పోతాడు. ఆ గది చాలాసార్లు రేకుల రూమే. ఉత్తర తెలంగాణలో ఎండకాలం 45 డిగ్రీలు దాటే రోజులు దాదాపు ప్రతి ఏడాదీ ఉంటాయి, రామగుండం పేరు వాతావరణ శాఖ పట్టికల్లో పైనే ఉంటుంది. నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు రేకుల కింద పడుకోవాల్సినవాడికి కిరాయి తక్కువ అన్న మాటకు అర్థం లేదు. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాలి. అప్పటిదాకా ఇల్లు కట్టుకోని కార్మికుడు అరవై దాటాక మొదటిసారి టూలెట్ బోర్డుల వెంట పడతాడు. ముసలితనంలో ఇల్లు దొరకడం ఎంత కష్టమో కిందికి వచ్చేసరికి చెబుతాను.

కంపెనీ మీదే బతికిన ఊరికి ఇంకో ప్రమాదం ఉంది. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోయింది, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాక మళ్లీ నడిచింది. మధ్యలో జీతాలు లేని ఆ నాలుగేళ్లూ ఆ ఊళ్లో ఓనరూ కిరాయిదారూ ఇద్దరూ నష్టపోయినవాళ్లే. కిరాయి ఇంటి మార్కెట్ గురించి రాసేవాళ్లు ఓనర్‌ను ఎప్పుడూ బలవంతుడిగానే చూస్తారు. ఒక్క పోర్షన్ కిరాయి మీద బతికే విధవరాలు, రిటైరైన గుమాస్తా కూడా ఓనర్లేనన్నది చిన్న పట్టణాల్లో మరవకూడని సంగతి.

ఆదిలాబాద్ పట్టణం కరీంనగర్‌లో సగం కూడా ఉండదు. 2011లో 1.17 లక్షల జనాభా. తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి, లంబాడీ, అన్నీ ఒకే బజారులో వినబడే ఊరు. రవీంద్రనగర్, విద్యానగర్, కైలాస్‌నగర్, హౌసింగ్ బోర్డు, జాతీయ రహదారి వైపు మావల, దస్నాపూర్‌ల దాకా ఇళ్లు పాకాయి. 2008లో రిమ్స్ వైద్య కళాశాల వచ్చాక దాని చుట్టుపక్కల గదులకు గిరాకీ పెరిగింది. ఇక్కడి కిరాయి సమస్యకు రెండు కొసలున్నాయి. ఒక కొసన ఉద్యోగులు. ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూర్ లాంటి ఏజెన్సీ మండలాల్లో పోస్టింగ్ అయిన టీచర్లు, నర్సులు, గుమాస్తాలలో చాలామంది ఆదిలాబాద్‌లోనో ఉట్నూర్‌లోనో ఇల్లు తీసుకుని రోజూ తిరుగుతారు. పల్లెలో కిరాయికి ఇల్లే ఉండదు మరి. ఇంకో కొసన ఆ పల్లెల నుంచే డిగ్రీకో, నర్సింగ్‌కో, కోచింగ్‌కో వచ్చే గోండు, కొలాం, లంబాడా పిల్లలు. హాస్టల్‌లో సీటు దొరికితే సరే. దొరకనివాళ్లు నలుగురైదుగురు కలిసి గది చూసుకోవాలి. తమ జిల్లా కేంద్రంలో, తమ తాతల అడవిని ఆనుకుని పెరిగిన ఊళ్లో, వాళ్లకే గది ఇవ్వడానికి వెనకాడటం నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం.

2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగింది. పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, పాత ఆదిలాబాద్ నుంచి మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ విడిపోయాయి. ఒక్కసారిగా ప్రతి కొత్త కేంద్రానికీ కలెక్టరేటు, ఎస్పీ ఆఫీసు, డజన్లకొద్దీ శాఖలు వచ్చాయి. సమీకృత కలెక్టరేట్లు కట్టేదాకా సర్కారే కిరాయిదారైంది. పెద్ద ఇళ్లు, ఫంక్షన్ హాళ్ల లాంటి భవనాలు ఆఫీసులయ్యాయి, ఉద్యోగుల కుటుంబాలు మిగిలిన ఇళ్లకోసం పోటీపడ్డాయి. మంచిర్యాల మాత్రం రైలు, బొగ్గు, వ్యాపారం కలిసి ముందే పెద్దదైన ఊరు. ఆసిఫాబాద్‌లో తగిన ఇల్లు దొరకక కాగజ్‌నగర్‌లోనో మంచిర్యాలలోనో ఉండి రైల్లో పోయి వచ్చేవాళ్లు మొదలయ్యారు. కరీంనగర్‌లో ఇల్లు వదలకుండా పెద్దపల్లికీ సిరిసిల్లకూ జగిత్యాలకూ రోజూ బస్సెక్కేవాళ్లు ఇప్పటికీ ఎంతోమంది.

ఉద్యోగికి సర్కారు ఇచ్చే ఇంటి అద్దె భత్యం కూడా ఊరి జనాభాను బట్టి మారుతుంది. 2021 వేతన సవరణ (పీఆర్సీ) తర్వాత హైదరాబాద్‌లో మూలవేతనంపై 24 శాతం, కరీంనగర్, రామగుండం లాంటి నగరాల్లో 17, ఆదిలాబాద్ లాంటి పట్టణాల్లో 13. ఆ లెక్కకు ప్రమాణం జనాభా. ఊళ్లో ఇళ్లు ఎన్ని ఉన్నాయన్న ప్రశ్న దానిలో లేదు. ఇళ్లు తక్కువగా ఉన్న చిన్న కేంద్రానికి పంపి భత్యమూ తగ్గిస్తే ఉద్యోగి అక్కడ కాపురం పెట్టడు.

ఇక హైదరాబాద్. కరీంనగర్ నుంచి 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి 300. ఏ జిల్లా మనిషి ఆ నగరంలో ఏ మూల స్థిరపడతాడో చాలావరకు బస్సు దిగే చోటు చెబుతుంది. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట, తూంకుంట, అల్వాల్ దాటి వచ్చే కరీంనగర్ బస్సు, 44వ జాతీయ రహదారి మీద మేడ్చల్, కొంపల్లి, సుచిత్ర దాటి వచ్చే నిర్మల్, ఆదిలాబాద్ బస్సు, రెండూ చేరేది జూబ్లీ బస్టాండుకే. అందుకే అల్వాల్, బొల్లారం, తిరుమలగిరి, కొంపల్లి, జీడిమెట్ల, చింతల్ వైపు మన జిల్లాల ఇళ్లు ఎక్కువ. ఊరి నుంచి బియ్యం సంచి, మామిడికాయలు, ముసలి తల్లి, అన్నీ ఆటో అక్కర్లేకుండా దిగగలిగే చోటు ఇది. పెద్దపల్లి, మంచిర్యాల రైలు దారి పట్టినవాళ్లకు మౌలాలి, మల్కాజిగిరి, సికింద్రాబాద్ దగ్గర. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్టాండు నుంచి ఎంజీబీఎస్‌కు మెట్రో వచ్చాక నగరం లోపలి దూరాలు కొంత తగ్గాయి, కానీ ఉత్తర శివార్లకు మెట్రో లేదు. అల్వాల్‌లో తక్కువ కిరాయికి ఉండి గచ్చిబౌలిలో ఉద్యోగం చేసేవాళ్లు ఆ తేడాను రోజుకు మూడు నాలుగు గంటల ప్రయాణంలో తిరిగి కట్టేస్తున్నారు.

వాడను బట్టి పరీక్ష మారుతుంది. అశోక్‌నగర్, చిక్కడపల్లిలో గ్రూప్స్ చదివే పిల్లలకు కులం అడిగేవాళ్లు తక్కువ. సెంట్రల్ లైబ్రరీకి నడిచిపోయేంత దూరంలో, ఒక మంచం, ఒక టేబుల్ పట్టే చోటుకు కిరాయి కట్టగలిగితే చాలు. కానీ ఆ కిరాయి ఊళ్లో ఎకరం కౌలు మీదనో, తల్లి బీడీలు చుట్టిన పైసల మీదనో వస్తుంది. నోటిఫికేషన్ ఆలస్యమైన ప్రతి నెలా ఇంటివాళ్ల మీద ఇంకో నెల కిరాయి. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లదీ అదే తీరు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలికి పోతే అడిగేది కంపెనీ పేరు, జీతం స్లిప్పు. అక్కడ ఒక డబుల్ బెడ్రూం ఫ్లాటు కిరాయితో కరీంనగర్‌లో రెండు మూడిళ్లు తీసుకోవచ్చు. పైగా మెయింటెనెన్స్, బ్రోకర్‌కు ఇచ్చేది వేరు. రెండో ధర అక్కడ పూర్తిగా పోలేదు. పెద్ద అపార్ట్‌మెంట్లలో అసోసియేషన్లు బ్యాచిలర్లను వద్దంటాయి, కొన్నిచోట్ల మాంసం వండేవాళ్లను వద్దంటారు. అయినా వేల ఫ్లాట్లున్న చోట కాదన్న తలుపు పక్కన ఇంకో తలుపు ఉంటుంది. మన పట్టణాల్లో ఒక వాడలో వద్దన్న మాట సాయంత్రానికి గల్లీ అంతా తెలుస్తుంది.

ఈ ప్రయాణం మొత్తం ఒక్క మనిషి బతుకులో చూడాలంటే కవి అలిశెట్టి ప్రభాకర్‌ను తలుచుకోవాలి. జగిత్యాలలో స్టూడియో పూర్ణిమ, కరీంనగర్‌లో స్టూడియో శిల్పి, 1983లో హైదరాబాద్‌లో స్టూడియో చిత్రలేఖ. ఫొటోలు తీసి బతికి, కవిత్వం రాసి, ఆంధ్రజ్యోతిలో సిటీ లైఫ్ పేరుతో నగరాన్ని చిన్న కవితల్లో ఏళ్ల తరబడి పట్టుకున్నాడు. సొంత ఇల్లన్నది ఎరగకుండానే క్షయతో 1993 జనవరి 12న, తన పుట్టినరోజు నాడే పోయాడు. మన జిల్లాల నుంచి నగరానికి పోయిన కళాకారులు, జర్నలిస్టులు, ఉద్యమకారులు చాలామందికి తెలిసిన దారి అది.

ముంబై, భివండి, దుబాయిల గురించి ఇక్కడ కొంతే చెప్పగలను. భివండీలోని పద్మనగర్‌లో సిరిసిల్ల, కరీంనగర్ పద్మశాలీలు తరాలుగా ఉన్నారు. కిరాయి గదులతో మొదలైన వాడ అది, ఇప్పుడు తెలుగు ఊరే. ముంబైలో కామాటిపుర పేరే తెలంగాణ నుంచి పోయిన కామాటీ కూలీల వల్ల వచ్చింది. గల్ఫ్‌లో కంపెనీ క్యాంపు లేనివాళ్లు తీసుకునేది ఇల్లు కాదు, బెడ్ స్పేస్. ఒక గదిలో వరుసగా వేసిన మంచాల్లో ఒక మంచానికి నెలకింత. అట్లా పదేళ్లు బతికి వచ్చి కరీంనగర్‌లో ఇల్లు కట్టిన మనిషే పై పోర్షన్‌కు వచ్చినవాడిని ఎంతమంది ఉంటరని అడుగుతాడు. అడిగే హక్కు అతనికి ఉంది. తనను ఎవరు ఎట్లా అడిగారో కూడా అతనికి గుర్తుంటే బాగుండునని నా కోరిక.

రోజువారీ తగవులు ఎక్కువగా పుట్టేది కరెంటు మీటరు దగ్గర. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతిలో ఆహార భద్రత కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్లలోపు బిల్లు ఉండదు, కిరాయిదారులకూ వర్తిస్తుంది. కాగితం మీద మంచి పథకం. అయితే మన ఇళ్లలో చాలాచోట్ల మీటరు ఒకటే, పోర్షన్లు రెండు మూడు. పోర్షన్‌కు 120 యూనిట్లు కాలితే ఇద్దరూ పేదవాళ్లే, కానీ మీటరు మీద 240. ఇద్దరికీ సున్నా బిల్లు పోయింది. సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు ఇంతని ఓనర్ చెప్పిన రేటు కిరాయిదారు కట్టాలి. వేరే మీటరు పెట్టించమంటే ఆ ఖర్చు ఎవరిదన్నది ఇంకో తగవు. సర్కారు పేదవాడికిచ్చిన రాయితీ, ఇంటి నిర్మాణంలోనే ఆగిపోతున్నది.

సొంత ఇంటి పథకాలూ కిరాయిదారును చివరికే పెట్టాయి. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్లలో ఐదు లక్షల సాయం మొదటి విడతలో సొంత జాగా ఉన్నవాళ్లకు. జాగా లేనివాళ్లది రెండో జాబితా. పట్టణంలో కిరాయికి ఉండే కూలీకి జాగా ఎక్కడుంటుంది?

ఇల్లు చూసేటప్పుడు వర్షాకాలం గురించీ అడగాలి. 2021 జూలైలో నిర్మల్‌లో జీఎన్నార్ కాలనీ మునిగింది. 2022 జూలైలో గోదావరి పొంగి, రాళ్లవాగు వెనక్కి తన్ని మంచిర్యాలలో ఎన్టీఆర్ నగర్ లాంటి కాలనీలు మునిగాయి, మాతాశిశు ఆసుపత్రి నుంచి బాలింతలను తరలించాల్సి వచ్చింది. తక్కువ కిరాయి ఉన్న కాలనీల్లో కొన్ని ఎందుకు తక్కువో కిరాయిదారుకు వరద వచ్చాకే తెలుస్తుంది. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని పక్కింటివాళ్లను అడిగి అడ్వాన్స్ ఇవ్వడం మంచిది.

ఇప్పుడు అసలు బాధ దగ్గరికి వస్తాను. కిరాయి ఇంట్లో ఉండే మనిషి చనిపోతే చాలాచోట్ల శవాన్ని లోపలికి తేనివ్వరు. ఉత్తర తెలంగాణలో జిల్లా పేపర్లు చదివేవాళ్లకు ఇది తెలియని సంగతి కాదు. దవాఖానాలో చనిపోయిన మనిషిని అంబులెన్సులో గల్లీ దాకా తెస్తారు. ఓనర్ గేటు దగ్గర నిలబడతాడు. ఇంటికి మైల, మళ్లీ కిరాయికి ఎవరూ రారు, ఇంట్లో పెండ్లి ఉంది, ఏదో ఒకటి చెబుతాడు. పెద్దమనుషులు మాట్లాడతారు, కార్పొరేటరుకు ఫోన్ పోతుంది. చివరికి రోడ్డు పక్కన టెంటు వేసి, అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ పెట్టెలో శవాన్ని పెట్టి, రాత్రంతా ఆడవాళ్లు రోడ్డు మీదే కూర్చుని ఏడుస్తారు. పదకొండు రోజులు ఆ కుటుంబం ఎక్కడుండాలన్నది తర్వాతి ప్రశ్న. కొందరు శ్మశానం దగ్గరి షెడ్డులో ఉంటారు, కొందరు స్వగ్రామంలో చుట్టాల ఇంటికి పోతారు. ఊళ్లోనూ పట్నంలోనూ ఇల్లు లేనివాళ్లకు ఆ టెంటే మిగులుతుంది. కొవిడ్ కాలంలో ఇది ఇంకా ఘోరమైంది. పురుడు విషయంలోనూ ఇదే మైల మాట చెప్పే ఇళ్లున్నాయి. ఏడో నెల రాగానే గర్భిణిని పుట్టింటికి పంపమంటారు.

ముసలివాళ్లున్న కుటుంబాలకు ఇల్లు దొరకకపోవడానికి అసలు కారణం ఇదే. ఎవరూ నోరు విప్పి చెప్పరు, 'పెద్దమనుషులున్నరా' అని మాత్రం అడుగుతారు. క్యాన్సర్ రోగి ఉన్నాడని తెలిసి ఇల్లు ఖాళీ చేయించినవాళ్లు ఉన్నారు. అరవై దాటిన కార్మికుడు క్వార్టర్ వదిలాక, అల్వాల్ నుంచి కొడుకు తీసుకుపోలేకపోతే, ఎక్కడుంటాడు? ఆచారాన్ని ఒక్క రోజులో మార్చలేం. కానీ నెలనెలా కిరాయి తీసుకున్న ఇంట్లో మనిషి బతకడానికి హక్కుంది, చచ్చాక పడుకోవడానికి లేదు అన్న మాటను ఆచారం పేరుతో ఒప్పుకోవడం నాకు సాధ్యం కాదు.

చట్టం ఏం చెబుతోంది? నిజాం పాలన పోయాక 1954లో హైదరాబాద్ రాష్ట్రానికి ఒక కిరాయి నియంత్రణ చట్టం వచ్చింది. దాని స్థానంలో 1960లో వచ్చిన భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపుల నియంత్రణ చట్టమే పేరులో తెలంగాణ చేర్చుకుని ఇప్పటికీ ఉంది. రెంట్ కంట్రోలర్, న్యాయమైన కిరాయి, రశీదు హక్కు, నీళ్లు కరెంటు ఆపి ఖాళీ చేయించకూడదన్న నిబంధన, అన్నీ అందులో ఉన్నాయి. 2005 సవరణతో కార్పొరేషన్లలో నెలకు 3,500, ఇతర పట్టణాల్లో 2,000 రూపాయలు దాటిన కిరాయిలను దాని పరిధి నుంచి తీసేశారు. కొత్తగా కట్టిన ఇళ్లకు నిర్ణీతకాలం మినహాయింపు ముందే ఉంది. అంటే ఇప్పుడు కరీంనగర్‌లో ఒక కుటుంబం ఉండగలిగే ఇల్లు చాలావరకు ఆ చట్టం బయటే ఉంటుంది. మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. నెలవారీ కిరాయిదారుకు పదిహేను రోజుల నోటీసు, ఆ తర్వాత సివిల్ కోర్టు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి అందరూ పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుంటారు. చిన్న పట్టణాల్లో చాలామందికి అదీ లేదు, మాట మీదే.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. రాతపూర్వక అగ్రిమెంటు, నివాసానికి రెండు నెలల కిరాయికి మించని అడ్వాన్స్, ఓనర్ ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు కబురు, తగవులకు వేరే అథారిటీ, కోర్టు, ఇవి అందులో మంచివి. గడువు దాటి ఉండిపోయే కిరాయిదారుకు మొదట రెండింతలు, తర్వాత నాలుగింతల కిరాయి. ఇది ఓనర్ భయానికి జవాబు. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. నాకు దానిలో కనిపించే పెద్ద లోటు ఒకటే. కులం, మతం, ఒంటరితనం, ముసలితనం పేరుతో ఇల్లు నిరాకరించడం గురించి అది మాట్లాడదు. రాష్ట్రం సొంతంగా చట్టం రాసుకున్నప్పుడు ఆ ఒక్క వాక్యం చేర్చవచ్చు. చావు, పురుడు, అనారోగ్యం కారణంగా ఖాళీ చేయించకూడదని, అగ్రిమెంటులో అట్లాంటి షరతు ఉంటే చెల్లదని ఇంకో వాక్యం. ఓనర్‌కు తన ఇల్లు సకాలంలో తిరిగి వస్తుందన్న భరోసా ఇచ్చి, అదే చట్టంలో ఈ రెండు వాక్యాలు పెడితే ఎవరూ నష్టపోరు.

అప్పటిదాకా పురపాలికలు చేయగలిగిన పని ఉంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేలింది. ఇళ్లు లేక కాదు, ఇవ్వడానికి మనసూ భరోసా లేక. ఆ భరోసా కాగితం మీద పెట్టే పని పురపాలికది. వార్డు ఆఫీసులో ఒక తెలుగు అగ్రిమెంటు నమూనా పెట్టాలి. అడ్వాన్స్ ఎంత, ఎప్పుడు తిరిగివ్వాలి, మీటరు ఎవరిది, నోటీసు ఎన్ని రోజులు, ఒక్క పేజీలో. పోర్షన్‌కో మీటరు పెట్టించుకునే ఓనర్‌కు ఆ ఖర్చులో సాయం చేయాలి. ప్రతి వైకుంఠధామం దగ్గరా శవాన్ని ఉంచడానికే కాకుండా, కుటుంబం పదకొండు రోజులు ఉండటానికి వంటగది, స్నానాల గది, ఆడవాళ్లకు వేరే గది ఉన్న ఇల్లొకటి కట్టాలి. కొన్ని ఊళ్లలో దాతలు ఇట్లాంటి గదులు కట్టించి ఇచ్చారు. కరీంనగర్, రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ లాంటి ఊళ్లలో దాన్ని దాతల దయకు వదలకుండా బడ్జెట్‌లో పెట్టాలి. చట్టం మారేదాకా టెంటు కింద కూర్చోబోయే కుటుంబం ఈ వారమో వచ్చే వారమో ఏదో ఒక గల్లీలో ఉంటుంది. వాళ్లకు కావాల్సింది ఆ రాత్రికి తలుపు తెరిచి ఉన్న ఒక గది, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో చెప్పే ఒక ఫోన్ నంబరు.